ఊరికే

యెల్ దీవిలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది.
చీకటిని తిట్టడం మానేశాను.
రాట్నం పక్కన దానికీ ఓ పీట వేశాను.

లోరీ రేవు పడవ డ్యూటీలో ఉన్నాడు.
బంగాళదుంపలు కుతకుతమంటున్నాయి.
మెర్రన్ ఏడో ఎక్కంలో చిక్కుకుపోయింది.
చిన్నాడు టామస్ బొంతతో గుడారం వేసి
లోపల్నించి గొర్రెలా అరుస్తున్నాడు.
కాలు తొక్కుతోంది, చక్రం తిరుగుతోంది.
ఏడెనిమిదులు యాభయ్యారు అని
దారానికి పురి ఎక్కిస్తూనే అరిచాను.

ఇది జూన్ నెల ఉన్ని.
కత్తెర తగలనివ్వలేదు.
గొర్రెలు తమంతట తాము
పాత చలికాలాన్ని వదిలేసే రోజు చూసి
చేత్తో మెల్లగా లాగాం,
నిద్రపోయిన పిల్లాడి ఒంటిమీంచి చొక్కా తీసినట్టు.
దువ్వుతుంటే గడ్డిపరకలు రాలాయి,
కాస్త సముద్రపు ఉప్పు,
ఎలా చేరిందో, టామస్ పాలపన్ను ఒకటి.

ఏకై వచ్చి మేకైందంటారే, నా సంగతీ అంతే.
మెర్రన్ కడుపులో ఉన్నప్పుడు
ఒక్క ఏకు వడికి చూద్దామనుకున్నాను.
ఇప్పుడు స్నానాల తొట్టిలో ఉన్ని నానుతుంది,
కుర్చీల వీపుల మీద చిలపలు ఆరుతాయి,
మేజోళ్ళ కోసం సొరుగు లాగితే
కండెలు దొర్లిపడతాయి.
"ఈ ఇంట్లో మనుషులకి చోటుందా?" అంటాడు లోరీ.
అంటూనే రెండు చేతులూ చాపి నిలబడతాడు,
చిలప తగిలించమని.

బొంత సంగతి చెప్పలేదు కదూ.
ఆ నీలం లోరీ యూనిఫాం, మోకాళ్ళ దగ్గర చిరిగింది.
ఆ గళ్ళు మెర్రన్ మొదటి బడి గౌను.
నల్లటి పట్టు మా నాన్న ఆదివారం కోటు లోపలిది,
పొగాకు వాసన ఉతికినా పోలేదు,
నిజం చెప్పాలంటే గట్టిగా ఉతకలేదు.
పసుపుపచ్చ ముక్క ఒకటుంది,
ఎక్కడిదో ఎవరికీ తెలీదు.
టామస్ సరిగ్గా దానిమీదే తల పెట్టి పడుకుంటాడు.

లోరీ నాయనమ్మ గిర్జీ కిటికీ దగ్గర కూర్చుంటుంది.
ఆరేళ్ళకే ఆవిడ నడుముకి తోలుపట్టీ కట్టారట,
సూది గుచ్చుకోడానికి కన్నాలున్న పట్టీ.
వీపు మీద పొయ్యిలోకి పీట్ గడ్డల బుట్ట,
చేతుల్లో అల్లిక,
కొండదారిలో నడుస్తూనే అల్లడం.
శాలువా తీసుకెళ్తే కొట్టువాడు డబ్బివ్వడు.
ఇంత టీ పొడి, ఇంత పంచదార,
ఇంకా ఇంత బాకీ అని ఓ చీటీ.

"సరదాకి వడుకుతున్నావా?" అందోసారి,
సరదాకి పంటినొప్పి తెచ్చుకుంటున్నావా అన్నట్టు.
జవాబు వెతికాను.
పురి ఎక్కువైన దారం
తనకు తానే మెలిపడుతుంది చూడండి,
నా నాలుక అలా అయింది.

నిన్న రాత్రి తుఫాను.
కరెంటు పోయింది.
పడవ అవతలి రేవులోనే ఆగిపోయింది.
ముసలామె, పిల్లలిద్దరూ ఒకే బొంత కింద.
నేను చీకట్లోనే చక్రం తిప్పాను,
వడకడానికి దీపమెందుకు, వేళ్ళకి కళ్ళుంటాయి.
కాసేపటికి చక్రం చప్పుడు సందుల్లోంచి
ఇంకో చప్పుడు.
టిక్కు, టిక్కు. సూదులు.
ఎవరని అడగలేదు.
తొక్కే కాలు కొంచెం నెమ్మది చేశాను, అంతే.

తెల్లారి చూస్తే గిర్జీ ఒళ్ళో జానెడు అల్లిక.
టోపీ కాదు, మేజోడు కాదు,
ఏ ఒంటికీ సరిపోదు.
మధ్యలో ఒక కుట్టు జారింది కూడా.
జన్మలో కుట్టు జారనివ్వని మనిషి.

"ఏంటిది, ముత్తవ్వా?" అంది మెర్రన్.
ముసలామె దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తింది,
జారిన కుట్టులోంచి సముద్రాన్ని చూసింది.
"ఊరికే," అంది.
అని, ఇంకో ఉండ కావాలని
నా వైపు చెయ్యి చాపింది.